నాన్నగారికి నిద్ర మాత్ర అడిగే ముందు, మిగతా మాత్రల టైములు చూడండి

76 ఏళ్ల నాన్నగారికి రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తోంది, రోజూ నిద్ర మాత్ర వేయొచ్చా, ఇంటికి నర్సును పెట్టుకుంటే ఉపయోగం ఉంటుందా అని అడిగారు. మాత్ర సంగతి డాక్టరుగారు చెప్పాలి. నర్సు సంగతి మాత్రం నేను గట్టిగా చెప్పగలను. మా అమ్మను నిద్రపుచ్చింది ఒక నర్సే.

అమ్మకు గుండె జబ్బు. కాళ్ల వాపులొస్తే వైజాగ్‌లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. నెత్తి మీద ట్యూబ్‌లైటు. పక్క బెడ్ వాళ్లబ్బాయి ఫోన్లో వీడియోలు పెడితే వార్డంతా వినాల్సిందే. అర్ధరాత్రి బీపీ, కాసేపటికి షుగరు, తెల్లారకుండానే రక్తం తీయడానికి ఇంకొకరు. వార్డుల్లో రాత్రి శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే గుసగుసలాడినంత. అక్కడ మందుల ట్రాలీ చప్పుడే దానికి మించి ఉండేది. అమ్మ పగలంతా జోగడం, రాత్రంతా మేలుకోవడం. చివరికి ఒకరోజు నన్నే పట్టుకుని "నువ్వెవరమ్మా?" అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆ రాత్రి డ్యూటీకి శ్రీకాకుళం వైపు సిస్టర్ ఒకామె వచ్చింది. "ఏటి మామ్మగారూ, నిద్దర్రావట్లేదా?" అంటూ మంచం పక్కన కూర్చుంది. అప్పటిదాకా అలా కూర్చున్నవాళ్లే లేరు. అమ్మ వినికిడి మిషను దిండు కింద ఉంటే తీసి చెవికి పెట్టి, ఇప్పుడెక్కడున్నారో, నేనెవరో నెమ్మదిగా చెప్పింది. తర్వాత కేస్ షీట్ చూసి, లాసిక్స్ మాత్ర రెండో డోసు రాత్రి ఎనిమిదికి పడుతోందని పట్టుకుంది. ఆ మాత్ర గంటలో పని మొదలుపెట్టి ఆరేడు గంటలు మూత్రం తెప్పిస్తూనే ఉంటుంది. ఇక నిద్రెక్కడిది! పొద్దున్న రౌండ్స్‌లో డాక్టరుగారికి చెప్పి దాన్ని మధ్యాహ్నం రెండింటికి మార్పించింది.

ఆ సిస్టర్ ఉన్న రాత్రుల్లో బీపీ, షుగరు, ఇంజెక్షను అన్నీ ఒక్కసారే అయిపోయేవి. తర్వాత పెద్ద లైటు ఆర్పేసి బాత్రూమ్ దగ్గర చిన్నది ఉంచేది. ఇయర్‌ఫోన్లు పెట్టుకోమని ఆ అబ్బాయికి చెప్పిందీ ఆవిడే. పగలు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి కాళ్లు స్టూలు మీద పెట్టించమంది. కాళ్లలో చేరిన నీరు పగలే దిగిపోతే, రాత్రి మూత్రానికి లేవడం తగ్గుతుంది. డిశ్చార్జి అయ్యేలోపే అమ్మ తెల్లవారుజాము దాకా పడుకుంది, నన్ను గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచింది. అలాంటి సిస్టర్ల మీద అన్నేసి బెడ్లు పడేసి, రాత్రంతా ఫైళ్లు రాయిస్తారు. ఇది అన్యాయం.

మన ఊళ్లో చీటీ లేకుండా నిద్ర మాత్రలిచ్చే మందుల షాపులన్నా నాకు ఒళ్లు మంట. అల్ప్రాజోలం అనే మత్తు మాత్ర షెడ్యూల్ హెచ్1 మందు, అంటే గట్టి అదుపులో ఉంచిన మందుల జాబితాలోది. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి, రిజిస్టర్లో రాయాలి. పెద్దవాళ్లకు ఆ మత్తు మర్నాటి దాకా ఉంటుంది. అర్ధరాత్రి లేచి తూలిపడితే తుంటి ఎముకకే ప్రమాదం. నాన్నగారు ఇప్పటికే రోజూ వేసుకుంటుంటే మాత్రం ఉన్నట్టుండి ఆపకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

నర్సును తప్పకుండా పెట్టుకోండి. కాకపోతే మన దగ్గర అటెండర్‌ని కూడా నర్సు అనే పంపిస్తారు. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేశారా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. వచ్చిన వెంటనే ఏ మాత్ర ఏ పూట పడుతోంది, ఆఖరి టీ ఎప్పుడు, పగలు కునుకు ఎంతసేపు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఇవన్నీ రాయించండి. 65 దాటినవాళ్లకు ఏడెనిమిది గంటల నిద్ర చాలు. ఏడింటికే పడుకుంటే రెండింటికి మెలకువ రావడంలో వింతేముంది? పొద్దున్నే బీచ్ రోడ్డులో ఎండ తగిలేలా నడిపించి, రాత్రి పదింటి దాకా కబుర్లు చెప్పండి. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టుంటే మాత్రం నర్సు వచ్చేదాకా కూడా ఆగొద్దు, వెంటనే ఊపిరితిత్తుల డాక్టరుకు (పల్మనాలజిస్టు) చూపించండి. అలాంటివాళ్లకు నిద్ర మాత్ర ఇంకా ప్రమాదం.