ఫోటో చూసి వేసిన బొమ్మలో పోలిక ఎందుకు తప్పుతుంది?

మీరు అడిగినవి రెండు. ఫోటో చూసి పోర్ట్రెయిట్ వేయడం తప్పా అన్నది ఒకటి. ఫోనులో తీసిన ఫోటోని ఉన్నదున్నట్టు దించినా మనిషి పోలిక ఎందుకు రావడం లేదన్నది రెండోది. మొదటిది తప్పేమీ కాదు. రవివర్మ ఫోటోల సాయం తీసుకున్నాడు. పారిస్‌లో పనిచేసిన చెక్ చిత్రకారుడు అల్ఫాన్స్ ముకా తన స్టూడియోలో మోడల్స్‌ని తనే ఫోటోలు తీసుకుని, వాటిని చూసి బొమ్మలు వేశాడు. రెండోదానికి మాత్రం నాకు జరిగింది చెప్పాలి.

మేం ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. నాలుగేళ్ల కిందట మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఒక కడప కుటుంబం వాళ్లు, నాన్నగారి సంవత్సరీకానికి ఆయన బొమ్మ వేసిమ్మన్నారు. ఒక పాస్‌పోర్ట్ సైజు ఫోటో, మనవరాలు ఆయనతో కలిసి దిగిన ఒక సెల్ఫీ ఇచ్చారు. సెల్ఫీలో పెద్దాయన నవ్వుతున్నారని దాన్నే ఎంచుకున్నాను. గడులు గీసి, కొలతలు చూసుకుంటూ పది రోజులు చార్‌కోల్‌తో వేశాను. వాళ్ల అమ్మగారు చాలాసేపు చూసి, "బాగానే ఉంది నాయనా, కానీ ఈయన మా ఇంటాయన కాదు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు నా గీతలో లేదు, ఫోటో తీసిన దూరంలో ఉంది. ముక్కు కొసకీ చెవికీ మధ్య 12 సెంటీమీటర్ల లోతు ఉందనుకోండి. చెయ్యి చాచి 50 సెంటీమీటర్ల నుంచి తీస్తే, చెవితో పోల్చినప్పుడు ముక్కు ఉండాల్సినదానికంటే దాదాపు 24 శాతం పెద్దగా పడుతుంది. అదే 2 మీటర్ల నుంచి తీస్తే 6 శాతమే. మనం మనుషుల్ని గుర్తుపెట్టుకునేది ఎదురుగా కూర్చుని మాట్లాడే దూరం నుంచి కదా. సెల్ఫీలో ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోయి, ముఖం సన్నబడుతుంది. నేను ఆ తేడాని గడి గడికీ శ్రద్ధగా ఎక్కించాను!

పాస్‌పోర్ట్ ఫోటోది ఇంకో ఇబ్బంది. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసింది కాబట్టి నీడలు లేవు. నీడ లేకపోతే దవడ ఎక్కడ తిరుగుతుందో, కంటి కింద గుంట ఎంత లోతో తెలియదు.

చివరికి ఇంట్లో పెళ్లి గ్రూప్ ఫోటో ఒకటి దొరికింది. అందులో ముఖం బొటనవేలి గోరంతే ఉంది, కానీ దూరం నుంచి తీసింది కాబట్టి కొలతలు సరిగ్గా ఉన్నాయి. ఈలోగా ఆయన తమ్ముడు ప్రొద్దుటూరు నుంచి వచ్చారు. అదే నుదురు, అవే చెంప ఎముకలు. ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి నలభై నిమిషాలు గీశాను. కొలతలు గ్రూప్ ఫోటోవి, వెలుగునీడలు తమ్ముడివి, నవ్వు సెల్ఫీది. కొత్త బొమ్మ చూసి అమ్మగారు అడిగింది ఒకటే: "చెవి మీద వెంట్రుకలు వేయలేదేం?" అక్కడే కూర్చుని వేసిచ్చాను.

అందుకే, వేయాల్సిన మనిషి అందుబాటులో ఉంటే ఫోటో మీరే తీయండి. ఫ్లాష్ వద్దు, బ్యూటీ మోడ్ అసలే వద్దు, అది చర్మంతో పాటు ఎముకల్నీ నున్నగా చేసేస్తుంది. రెండు మీటర్ల దూరంలో, ఫోనుని వాళ్ల కళ్ల ఎత్తులో పట్టుకుని, 2ఎక్స్ జూమ్ పెట్టండి. వెలుగు ఒక పక్క కిటికీ నుంచే రావాలి. ఒక ఫోటో ఫోను తెర మీద వెలుగున్న చెంప దగ్గర నొక్కి, ఇంకోటి నీడ చెంప దగ్గర నొక్కి తీయండి. మన కన్ను రెండు వైపులా చూడగలిగినంత వివరం కెమెరా ఒకే ఫోటోలో పట్టలేదు. వెలుగు తేడాలతో తీసిన ఫోటోల్ని ఫోనే కలిపే హెచ్‌డీఆర్ ఆ పని చేస్తుంది గానీ, నీడల్ని లేపేసి ముఖాన్ని చదును చేస్తుంది. ఫోటోలో నల్లగా కనిపించిన నీడని నల్లగా వేయకండి. దవడ కింద చొక్కా రంగు ప్రతిఫలిస్తూ ఉంటుంది, అది మనిషిని చూస్తేనే తెలుస్తుంది. ఫోటో తీసిన రోజే పావుగంట ఆ మనిషిని చూసి గీసి, ఆ స్కెచ్‌ని ఫోటో పక్కన పెట్టుకోండి. రెండూ కొట్లాడుకుంటే నేను స్కెచ్ మాటే వింటాను.

నెట్‌లో దొరికిన ఫోటో చూసి మీ నోటుబుక్కులో సాధన చేయడం వేరు, దాంతో వేసింది అమ్మడం వేరు. ఆ ఫోటో మీద హక్కు సాధారణంగా తీసినవాళ్లది. అడిగి, ఒప్పుకుంటేనే వేయండి.

జనవరిలో బెంగళూరు కుమారకృపా రోడ్డులో జరిగే బొమ్మల సంత, చిత్రసంతెకి వెళ్లండి. ఎదురుగా కూర్చోబెట్టి ముఖాలు గీసేవాళ్లు ఉంటారు. ఒకరి వెనక నిలబడి, కాగితం మీద నుంచి తల ఎన్నిసార్లు ఎత్తుతున్నారో లెక్కపెట్టండి. ఫోటో ముందు కూర్చున్నప్పుడు మీరు ఎన్నిసార్లు ఎత్తుతున్నారో కూడా చూసుకోండి.