సెపిలోక్ అడవిలో ఒక రోజు

ప్రశ్న: మేము త్వరలో బోర్నియో ద్వీపంలోని సబా రాష్ట్రానికి వెళుతున్నాము. వర్షారణ్యంలో నడక, ఒరాంగుటాన్ల సంరక్షణ కేంద్ర సందర్శన ఒకే రోజులో సాధ్యమేనా? వాటిని తాకనిస్తారా?
– ఒక పాఠకురాలు, కౌలాలంపూర్

జవాబు: సాధ్యమేనండి. సందకాన్ పట్టణానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని సెపిలోక్‌లో, 1964లో నెలకొల్పిన ఒరాంగుటాన్ పునరావాస కేంద్రమూ, చెట్ల కొమ్మల ఎత్తున నడక వంతెన ఉన్న రెయిన్‌ఫారెస్ట్ డిస్కవరీ సెంటరూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ఎండ ముదరకముందే అడవిలో నడిచి, మధ్యాహ్నం మేత వేళకు కేంద్రానికి చేరుకోండి; జలగలను ఆపే పొడవాటి మేజోళ్లు మరువకండి.

తాకడం మాత్రం కుదరదు, కుదరకూడదు కూడా. మన జలుబు వాటికి ప్రాణాంతకం కావచ్చు. ఒరాంగుటాన్ పిల్ల ఆరేడేళ్లపాటు తల్లి వెంటే ఉండి చెట్లెక్కడం, గూడు కట్టడం, ఆహారం వెదకడం నేర్చుకుంటుంది కనుక, అడవుల నరికివేత వల్లనో, అక్రమంగా పెంచుకునేవారి వల్లనో తల్లికి దూరమైన పిల్లలకు ఆ విద్యలన్నీ ఇక్కడి సిబ్బందే ఓపికగా నేర్పవలసి వస్తుంది. అడవిలో పండ్లు విరివిగా ఉన్న రోజుల్లో మేత వేదిక వద్దకు ఒక్కటీ రాకపోవచ్చు. టిక్కెట్టు వృథా అయిందనుకోకండి. అవి సొంతంగా బ్రతుకుతున్నాయన్నమాట. పక్కనే సూర్య ఎలుగుల (సన్ బేర్ అనే చిన్న జాతి ఎలుగుబంట్ల) కేంద్రం ఉంది, దానినీ చూడండి.