కట్టెల మోపు మోసేవాళ్ళని ముందు అడుగు

అమ్మాయీ,

అడవి మీద హక్కుల దరఖాస్తులు చూసే మీ గ్రామసభ అటవీ హక్కుల కమిటీకి నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. అటవీశాఖతో కలిసి అడవిని కాపాడే ఊరి సంఘం, వన సంరక్షణ సమితికి అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో నేను కొన్ని మంచి పనులు చేశాను, ఒక పెద్ద తప్పు కూడా చేశాను. తప్పే ముందు చెబుతాను, నీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో అటవీ ప్రాజెక్టు మొదలయ్యాక మన సమితికీ పనులొచ్చాయి. చింతచెట్టు కింద మీటింగు పెట్టి, ఐదేళ్ళపాటు కొండ మీదికి గొడ్డలీ మేకా వెళ్ళకూడదని తీర్మానం చేశాం. అందరూ చేతులెత్తారు. కానీ ఆ రోజు అక్కడ లేనిదెవరో నేను చూడలేదు. కట్టెల మోపులు అమ్ముకుని బతికే ఆడవాళ్ళు అప్పటికే సంతకి నడిచి వెళ్ళిపోయారు. మూడు నెలలు తిరక్కుండానే వాళ్ళు చీకట్లో కొండెక్కడం మొదలుపెట్టారు. ఒకామె గొడ్డలి లాక్కుని జరిమానా వేశాం. ఆ తీర్మానం మీద సంతకం నాదే. ఆమె చాలాకాలం నా మొహం చూడలేదు. మిగతావాళ్ళు పక్క ఊరి కొండకి వెళ్ళి నరికారు. దాంతో రెండు ఊళ్ళకీ గొడవ.

అడవి మూస్తే లాభం పదేళ్ళకి ఊరందరికీ వస్తుంది, నష్టం మాత్రం మర్నాడే ఇద్దరు ముగ్గురికి తగులుతుంది. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. తర్వాత తీర్మానం మార్చాం. ఎండు పుల్లలు వారానికి రెండు రోజులు ఏరుకోవచ్చన్నాం, కాపలా కూలి, కందకాల పని ముందు ఆ ఇళ్ళకే ఇచ్చాం. అప్పట్నుంచే కొండ పచ్చబడింది. నువ్వు ఏ నిబంధన పెట్టబోయినా ముందు ఇంటింటికీ తిరుగు. మేకలు ఎవరికున్నాయి, కట్టెలు ఎవరు అమ్ముతారు, పోడు ఎవరికి ఉంది అని రాసుకో. మీటింగులు సంత రోజున పెట్టొద్దు.

పోడు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడు. చాలాచోట్ల పోడు భూముల్నే సమితుల ప్లాంటేషన్లలో కలిపేశారు, ఆ ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేదు. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి 2006 అటవీ హక్కుల చట్టం కింద నాలుగు హెక్టార్ల వరకు హక్కు ఉంటుంది. ఆ క్లెయిములు తేలాకే ఉమ్మడి అడవి మాట ఎత్తు.

ఊరి ఉమ్మడి అడవి మీద హక్కు కోసం మీరు పెట్టాల్సిన దరఖాస్తు ఫారం సి. సమితి అటవీశాఖ ఉత్తర్వుతో పుట్టింది. ఈ హక్కు చట్టంతో వచ్చింది. కాబట్టి పత్రం గ్రామసభ పేరు మీదే రావాలి, సమితి పేరు మీద రాస్తామంటే ఒప్పుకోవద్దు. గ్రామసభలో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. హద్దులు రాసేముందు పక్క ఊరి పెద్దలతో కలిసి కొండ చుట్టూ నడవండి. ఏ వాగు దగ్గర ఆగారో, ఏ బండ దగ్గర తిరిగారో రాసుకుని వాళ్ళ సంతకాలు కూడా తీసుకోండి.

ఇక అడవి పని. మన కొండల్లో మొక్కలు నాటాలనే ఆత్రం వద్దు. నేల కింద వేరు బతికే ఉంటుంది. బెంగాల్లో మిడ్నాపూర్ దగ్గర అరబారిలో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి 1972 ప్రాంతంలో చేసింది ఇదే. పదకొండు ఊళ్ళలో 618 కుటుంబాలు 1,272 హెక్టార్ల సాల అడవిని కాపాడితే నరికిన మోళ్ళే మళ్ళీ చిగిర్చాయి. అమ్మకంలో వాళ్ళకి పాతిక శాతం వాటా ఒప్పుకున్నారు. మన టేకు, మద్ది మోళ్ళూ అంతే. మోడుకి గుబురుగా వచ్చిన పిలకల్లో నిటారుగా ఉన్న ఒకటి రెండు ఉంచి మిగతావి కోసెయ్యండి. కోసినవి కట్టెలమ్మేవాళ్ళకే ఇవ్వండి.

వెదురు మనకి బంగారం. ఈ ఏడు మొలిచిన లేత కొమ్ముల్ని ముట్టొద్దు. మూడేళ్ళు దాటిన బొంగునే నేలకి దగ్గరగా, కణుపు పైన నరకాలి. వానల్లో నరకనే కూడదు. పొదని మొత్తం ఒకేసారి నరికేస్తే పొద దెబ్బతింటుంది. తపసి బంక తీసేటప్పుడు గొడ్డలితో లోతుగా గంటు పెడితే రెండు మూడేళ్ళలో చెట్టు ఎండిపోతుంది. పైపైన చిన్న గాటు చాలు. కొత్త కుర్రాళ్ళకి ఇది చేత్తో చూపించాలి, చెబితే రాదు. మామిడి కొత్త పండుగ చేసేదాకా కాయ కోయకూడదని మన పెద్దలు పెట్టిన కట్టుబాటు గుర్తుందా? అలాంటిదే వెదురుకీ, ఉసిరికీ, తేనెకీ పెట్టుకోండి. ఊరు ఆ మాట ఇప్పటికీ వింటుంది.

డబ్బు దగ్గర చాలా కమిటీలు పాడయ్యాయి. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళూ కూలి వస్తుంది. అది ఆగాక కూడా కమిటీ నడవాలంటే అమ్మకం చేతిలో ఉండాలి. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మేండా లేఖా ఊరు 2009లో తన అడవి మీద హక్కు తెచ్చుకుంది, 2011లో వెదురు బయటికి తీసుకెళ్ళి అమ్ముకోవడానికి కావాల్సిన రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది. మీరూ దాని కోసం పట్టుబట్టండి. చింతపండు, కరక్కాయ గిరిజన సహకార సంస్థకి ఇస్తే ధర ఎంతో, బయట షావుకారు ఎంత ఇస్తాడో రెండూ గోడ మీద రాయించు. లెక్కల పుస్తకం ప్రతి నెలా గట్టిగా చదివి వినిపించు. చదువు రానివాళ్ళు అడిగే ప్రశ్నలకి విసుక్కోకు తల్లీ. నాకు ఒకసారి అలాంటి ప్రశ్నే నాలుగు వేల తేడా పట్టిచ్చింది.

ఇప్ప పువ్వు రాలే ముందు కింద ఆకులు కాల్చే అలవాటు ఇంకా పోలేదు. ఫిబ్రవరిలోనే ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ఆకూ గడ్డీ తీసేసిన బాటలు, చెక్కి పెట్టుకోండి. చెట్టు కింద ఊడ్చుకోవడానికి చీపుర్లు పంచండి. నేను సంక్రాంతి తర్వాత వస్తాను. ఉత్తరం గట్టు మీది లైను నీతో కలిసి నడుస్తాను. అప్పటికి ఆ ఇంటింటి పట్టిక తయారు చేసి ఉంచు.

మీ పెదనాన్న