నాన్నకు చెప్పే ముందు

చిట్టితల్లీ,

ఇక చర్చికి వెళ్లలేనని, ఆ మాట మీ నాన్నకు ఎలా చెప్పాలో తెలియట్లేదని రాశావు. నమ్మకం పోయాక ఉన్నట్టు నటించమని నేను చెప్పను. నమ్మకుండా ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటే, నిజంగా నమ్మేవాళ్లను మోసం చేసినట్టే. కానీ ఎలా చెప్పాలన్న దగ్గరే నేను తప్పు చేశాను.

నా 24వ ఏట హైదరాబాద్ నుంచి మీ తాతయ్యకు 8 పేజీల ఉత్తరం రాశాను. బైబిల్లో ఎక్కడ పొంతన కుదరదో వరసపెట్టి చూపించాను. మీరంతా ఎలా ఉన్నారని మాత్రం ఒక్క ముక్క అడగలేదు. సంఘ పెద్దగా ఉన్న మనిషి, ఆరేళ్లు నాతో మాట్లాడలేదు. "మీ అక్క లోకంలో పడిపోయిందటగా" అని ప్రతి ఆదివారం అడిగితే తలవంచుకుని నిలబడింది పదిహేనేళ్ల మీ నాన్న. నీ మాట వినగానే వాడికి అదే గుర్తొస్తుంది. గట్టిగా అరిస్తే అందులో సగం భయమే అనుకో. నీ చెల్లి సంబంధం ఏమవుతుంది, నీ ఆత్మ ఏమవుతుంది, రెండూ వాడికి ఒకే టెన్షన్.

ఇంకో సంగతి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మన మాదిగలే. ఊరి బయట ఉంచిన మనుషులకు బడి, పలక, తలెత్తి నడిచే ధైర్యం ఆ దారినే దొరికాయి. మా నాయనమ్మ దేవుడి గురించి మొదలుపెడితే బడి దగ్గరికే వచ్చి ఆగేది. నువ్వు "నమ్మను" అంటే మీ నాన్నకు "మీరు పడ్డ కష్టమంతా నాకు అక్కర్లేదు" అన్నట్టు వినిపిస్తుంది. ఆ రుణం నాకు తెలుసు నాన్నా అని ముందుగా చెప్పు. నిజం కాబట్టే చెప్పు.

ఫోన్లో వద్దు. పాస్టరుగారి నోటనో బంధువుల నోటనో వినకముందే, నాన్న ఒక్కడే ఉన్నప్పుడు చెప్పు. వచనాలు తీస్తే వాదించకు. పాస్టరుగారిని పిలిపిస్తే ఒకసారి కూర్చుని గౌరవంగా విను, రెండోసారికి వద్దని చెప్పు. ఉపవాస ప్రార్థనలో అందరి ముందు నీ పేరు చదవొద్దని అడిగే హక్కు నీకుంది, అడుగు.

ఇంట్లో కుటుంబ ప్రార్థన అప్పుడు లేచి వెళ్లకు. ప్రార్థన చేయమంటే "నువ్వు చెయ్యి నాన్నా" అను. పాట వస్తే పాడు. నేను ఇప్పటికీ వంట చేస్తూ ఆ కీర్తనలే పాడుకుంటాను, ఆ గొంతు మా అమ్మది.

మా అమ్మ ప్రతి ఫోన్లో "నీకోసం ప్రార్థన చేస్తున్నా" అనేది. దెప్పుతోందని చాలాసార్లు పెట్టేశాను. అన్నం తిన్నావా అని అడగడం ఆమెకు అలాగే వచ్చని ఆమె పోయాక తెలిసింది. మీ అమ్మ అంటే సరేనమ్మా అను.

శనివారం వెళ్లకు, వాడు మర్నాటి వాక్యం చూసుకుంటూ ఉంటాడు. సోమవారం వెళ్లు. ఆ రాత్రికి అక్కడ ఉండలేకపోతే ఒంగోలు బస్సెక్కు. ఎంత పొద్దుపోయినా మేలుకునే ఉంటాను.

మీ అత్త