షార్ట్‌స్టాప్: నాలుగు సెకన్ల కొలువు

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్‌తో పాటు బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ కూడా ఉండటం వల్ల కాబోలు, ఈసారి బెంగళూరు పాఠకుల ఉత్తరాల్లో చాలావరకు బేస్‌బాల్ మీదే. అందులోనూ షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్ స్థానం గురించి అడిగినవి ఇక్కడ ఒకచోట ఇస్తున్నాం.

ప్ర: మావాడికి పదిహేనేళ్లు. క్రికెట్‌లో పాయింట్ దగ్గర చిరుతలా ఉంటాడు. షార్ట్‌స్టాప్‌కి పనికొస్తాడా? (ఒక తండ్రి, మారతహళ్లి)

జ: చురుకుదనం పనికొస్తుంది. కొన్ని అలవాట్లు మాత్రం మానుకోవాలి.

బేస్ అంటే కొట్టినవాడు పరిగెత్తి చేరాల్సిన గుర్తు. షార్ట్‌స్టాప్ నిలబడేది రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య. దొర్లిన బంతి బ్యాటర్ కన్నా ముందు మొదటి బేస్ చేరితే అతను ఔట్. బ్యాటర్ బంతిని కొట్టి, 90 అడుగుల దూరంలోని మొదటి బేస్ చేరడానికి అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో సుమారు 4.3 సెకన్లు పడుతుంది. దొర్లుతూ వచ్చే బంతి షార్ట్‌స్టాప్‌ని చేరేసరికే దాదాపు రెండు సెకన్లు అయిపోతాయి. అక్కణ్నుంచి మొదటి బేస్‌కి 120 అడుగుల త్రో అనుకుంటే, అది గాల్లో సెకనుకు పైనే ఉంటుంది. ఇక బంతిని పట్టి, గ్లవ్‌లోంచి తీసి, విసరడానికి మిగిలేది ఒక్క సెకను. ఈ ఆటగాడి బతుకంతా ఆ సెకను చుట్టూనే తిరుగుతుంది.

అందుకే క్రికెట్‌లో నేర్పినట్టు మోకాలు నేలకి ఆనించి బంతికి అడ్డం కూర్చుంటే ఇక్కడ పని జరగదు. బంతి ఆగుతుంది గానీ, లేచి నిలబడేసరికి రన్నర్ బేస్ మీద ఉంటాడు. బంతికి కాస్త కుడివైపు నుంచి వంపు తిరిగి రావాలి. అప్పుడు పట్టుకునేసరికే ఒళ్లు మొదటి బేస్ వైపు కదులుతూ ఉంటుంది. పిరుదులు కిందికి దించి, గ్లవ్‌ని ముందే నేలకి ఆనించి ఉంచాలి. పైనుంచి కిందికి తెస్తే బంతి కిందనుంచి దూరిపోతుంది. కిందనుంచి పైకి లేపడం తేలిక.

రెండోది పట్టు. బేస్‌బాల్ కుట్టు గుర్రపు నాడాలా వంపు తిరిగి ఉంటుంది. చూపుడు వేలు, మధ్య వేలు ఆ కుట్టుకి అడ్డంగా పడితేనే బంతి తిన్నగా వెళుతుంది. కుట్టు వెంబడి పడితే చివర్లో పక్కకి జారుతుంది. బంతి వైపు చూడకుండా, గ్లవ్‌లోంచి తీసేలోపు వేళ్లతోనే కుట్టు వెతుక్కోవడం రావాలి. టీవీ చూస్తూ కూర్చున్నప్పుడు కూడా చేయదగ్గ సాధన ఇది.

ఇంకొకటి: మొదటి బేస్ దగ్గరున్న మన ఫీల్డర్‌కి త్రో ఛాతీ ఎత్తులో అందాలి. 1970ల్లో సిన్సినాటి జట్టు షార్ట్‌స్టాప్ డేవ్ కన్సెప్సియోన్ కృత్రిమ గడ్డి మీద కావాలనే బంతి ఒకసారి నేలకి తగిలి లేచేలా విసిరేవాడు. మన ఎర్రమట్టి మైదానాల్లో ఆ సాహసం వద్దు. బంతి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి.

ప్ర: ఎడమచేతి వాటం వాళ్లు ఆడకూడదా? (కె.ఆర్.పురం)

జ: ఎడమచేత్తో బ్యాటింగ్ నిక్షేపంగా చేయొచ్చు. ఎడమచేత్తో విసిరేవాళ్లకి మాత్రం ఈ స్థానం ఇవ్వరు. మొదటి బేస్‌కి విసరాలంటే ఒళ్లు పూర్తిగా తిప్పుకోవాలి, ఆ సెకను కాస్తా అందులోనే పోతుంది. పిచర్ (మన బౌలర్ లాంటివాడు), మొదటి బేస్, ఔట్‌ఫీల్డ్ (బేస్‌ల వెనకాల దూరపు మైదానం) ఉన్నాయిగా!

ప్ర: ఆన్‌లైన్‌లో గ్లవ్ తెప్పిస్తే తప్పు చేతిది వచ్చింది. ఏం చూసి కొనాలి? (బీటీఎం లేఔట్)

జ: అది చాలామందికి జరిగేదే. ‘ఆర్‌హెచ్‌టీ’ అంటే కుడిచేత్తో విసిరేవాళ్ల గ్లవ్ అని, అంటే ఎడమ చేతికి తొడిగేది. షార్ట్‌స్టాప్‌కి 11.25 నుంచి 11.75 అంగుళాల గ్లవ్ వాడతారు. 11.5 అయితే ఏ పేచీ ఉండదు. ఔట్‌ఫీల్డర్ల పెద్ద గ్లవ్ చవగ్గా దొరికిందని కొంటే, బంతి లోతుగా దిగిపోయి వెతుక్కోవాల్సి వస్తుంది.

కొత్త తోలు బిగుసుకుని ఉంటుంది. రోజూ పావుగంట క్యాచ్‌లు ఆడి, రాత్రి లోపల బంతి పెట్టి గుడ్డతో కట్టి ఉంచండి. గ్లవ్ కండిషనర్ పలచగా ఒక్కసారి రాస్తే చాలు. నూనె దట్టిస్తే గ్లవ్ బరువెక్కి, ఆకారం చెడుతుంది. ఒవెన్‌లో వేడిచేయమని ఎవరైనా చెబితే వినకండి, తోలు తాళ్లు ఎండి పుటుక్కున తెగుతాయి. వర్షాకాలంలో తడిస్తే నీడలో ఆరబెట్టాలి. తడిగా బ్యాగులో కుక్కితే రెండు రోజుల్లో బూజు పడుతుంది.

ప్ర: వృత్తిగా ఎన్నాళ్లు ఆడతారు? డబ్బులెంత? (వైట్‌ఫీల్డ్)

జ: పైకి వచ్చేదాకా డబ్బులు తక్కువే. అమెరికా, కెనడా, ప్యూర్టో రికో కుర్రాళ్లు డ్రాఫ్ట్ ద్వారా, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్లని ఎంచుకునే పద్ధతిలో వస్తారు. మిగతా దేశాల వాళ్లు పదహారేళ్లకే ఒప్పందం కుదుర్చుకోవచ్చు. తర్వాత మేజర్ లీగ్ కింద ఉండే మైనర్ లీగుల్లో మెట్టు మెట్టూ ఎక్కాలి. 2023 ఒప్పందం ప్రకారం పై మెట్టు ట్రిపుల్-ఏలో కూడా కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లే. మేజర్ లీగ్ జట్టులో అడుగుపెడితే 2025లో కనీసం 7,60,000. ఆరేళ్ల సర్వీసు నిండితే నచ్చిన జట్టుతో బేరమాడుకోవచ్చు. షార్ట్‌స్టాప్ ఫ్రాన్సిస్కో లిండార్‌కి 2021లో న్యూయార్క్ మెట్స్ పదేళ్లకి 34.1 కోట్ల డాలర్లు రాసిచ్చింది.

మొదట్లో తప్పులు చేస్తే బెంగపడక్కర్లేదు. షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్ 1993లో మైనర్ లీగ్‌లో ఒకే సీజన్‌లో 56 ఎర్రర్లు (ఫీల్డింగ్ తప్పులు) చేశాడు. ఆదిలోనే హంసపాదు అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. 1996లో ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే రూకీ ఆఫ్ ద ఇయర్ అతనే, 2014లో రిటైరయ్యేనాటికి 3,465 హిట్లు.

అయితే ఇది ముసలితనం దాకా ఉండే స్థానం కాదు. బ్యాట్ కన్నా ముందు కాళ్లు నెమ్మదిస్తాయి. వరసగా 2,632 మ్యాచ్‌లు ఆడిన కాల్ రిప్కెన్ అంతటివాడు 1997లో మూడో బేస్‌కి జరిగాడు. ఎర్నీ బ్యాంక్స్ మొదటి బేస్‌కి, రాబిన్ యౌంట్ సెంటర్ ఫీల్డ్‌కి మారారు. ఉత్తమ ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్‌లు 13 గెలిచిన ఓజీ స్మిత్ చివరిదాకా అక్కడే ఆడాడంటే, కారణం ఆ అడుగుల వేగమే. మా లెక్కలో ఆ స్థానానికి అంతకు మించినవాడు లేడు.

ప్ర: మన దేశం నుంచి ఎవరైనా వెళ్లారా? మా అమ్మాయికి అవకాశం ఉందా? (ఒక తల్లి, బొమ్మనహళ్లి)

జ: 2008లో ఒక పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచి రింకూ సింగ్ (క్రికెటర్ కాదు), దినేష్ పటేల్ మేజర్ లీగ్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరూ అంతకుముందు జావెలిన్ విసిరినవాళ్లు, ఇద్దరూ పిచర్లే. జావెలిన్ విసిరిన భుజానికి పిచింగ్ నేర్పవచ్చు. షార్ట్‌స్టాప్‌కి కావలసింది చిన్నప్పట్నుంచీ నేల బంతులు వేలకొద్దీ పట్టిన చెయ్యి. అది ఒక్క ఏడాదిలో రాదు.

అమ్మాయికైతే బేస్‌బాల్‌ని పోలిన సాఫ్ట్‌బాల్ దగ్గరి దారి. అక్కడ బేస్‌ల మధ్య దూరం 60 అడుగులే కాబట్టి సమయం ఇంకా తక్కువ. అమెరికా కాలేజీలు సాఫ్ట్‌బాల్‌కి స్కాలర్‌షిప్‌లు ఇస్తాయి. కోచ్‌లకి పంపే వీడియోలో బ్యాటింగ్ ఒక్కటే పెట్టకండి. కుడివైపు రెండు, ఎడమవైపు రెండు, ముందుకు పరిగెత్తి పట్టేవి రెండు నేల బంతులు, ఒక్కొక్కటీ త్రో మొదటి బేస్ చేరేదాకా, మధ్యలో కోత లేకుండా తీసి పంపండి.