కోరాపుట్ కాఫీ తాగితే తిన్న నూనె ఒంటికి పట్టదా?

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం సంతలో పచ్చి కాఫీ గింజల పొడి అమ్మేవాళ్లు అలాగే చెప్పారని అడిగారు. పావు వంతు నిజం. ఆ గింజలో క్లోరోజెనిక్ ఆమ్లం ఉంటుంది. కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్ అనే చురుకైన అణువుకి హైడ్రోజన్ ఇచ్చి దాని దూకుడు తగ్గిస్తుంది. యాంటీఆక్సిడెంట్ అనేది అందుకే. గింజ నల్లగా వేగేకొద్దీ ఆ ఆమ్లం తగ్గిపోతుంది.

ఇక కొవ్వు. పునుగులోని నూనె అణువు పేగు గోడ దాటలేనంత పెద్దది. క్లోమం నుంచి వచ్చే లైపేజ్ ఎంజైమ్ కత్తిరిస్తేనే ఒంట్లోకి ఇంకుతుంది. పరీక్షనాళికలో క్లోరోజెనిక్ ఆమ్లం ఆ కత్తెరకు అడ్డుపడింది. గ్లాసుడు కాఫీతో పేగులో అంత జరగదు. ఇదే పనికి తయారైన ఆర్లిస్టాట్ మందు 120 మిల్లీగ్రాములు వేసుకున్నా ఆగేది సుమారు మూడో వంతు కొవ్వే. ఆగిన నూనె విరేచనంలో జారి బట్టలు పాడుచేస్తుంది కూడా! నేనైతే కాఫీలో పంచదార తగ్గించుకుంటాను.