గుర్రప్పిల్లకు మత్తు: తల వాలేదాకా ఆగాలి

ప్రశ్న: విశాఖ బీచ్‌లో సవారీకి తిప్పేవారు ఏడాదిన్నర మగ గుర్రప్పిల్లను బీజాలు తీయించడానికి తెచ్చారు. బరువు 200 కిలోలు. జైలజిన్ (నిలబడే మగతకు గురిచేసే మందు) ఇచ్చిన రెండు నిమిషాలకే కెటమిన్ (పడుకోబెట్టే మత్తుమందు) ఇచ్చాను. కాళ్లు బిగుసుకుని వణుకుతూ పడింది. బీజం పైకి లాగగానే కాళ్లు విదిలించింది. ఎక్కడ తప్పు జరిగింది?
– ఒక యువ పశువైద్యుడు, భీమిలి

జవాబు: మొదటిదానికి తొందరే కారణం. జైలజిన్ బాగా పట్టకముందు కెటమిన్ పడితే గుర్రం కండరాలు బిగుస్తాయి, బెదురుతుంది. కిలోకు 1.1 మి.గ్రా. జైలజిన్ మెడ సిరలోకి ఇచ్చి కనీసం ఐదు నిమిషాలు ఆగండి. తల మోకాళ్ల దాకా వాలాలి, కింది పెదవి వేలాడాలి, చప్పుడు చేసినా తల ఎత్తకూడదు. ఎత్తిందా, ఇంకో సగం మోతాదు జైలజిన్ ఇచ్చి మళ్లీ ఆగండి. అప్పటిదాకా కెటమిన్ జోలికి పోవద్దు.

తల వాలాక కిలోకు 2.2 మి.గ్రా. కెటమిన్ ఒక్కసారిగా ఇవ్వండి. మీ పిల్లకు 440 మి.గ్రా., అంటే మిల్లీలీటరుకు 50 మి.గ్రా. ఉన్న సీసాలోంచి 8.8 మి.లీ. అదే సిరంజిలో కండరాలను సడలించే డయజిపామ్ 10 మి.గ్రా. కలిపితే బిగుసుకోకుండా మెత్తగా పడుకుంటుంది. జైలజిన్ సీసా మీద మాత్రం తప్పక చూడండి: మిల్లీలీటరుకు 20 మి.గ్రా.ది, 100 మి.గ్రా.ది రెండూ ఉంటాయి. 220 మి.గ్రా.కు ఒకదాంట్లో 11 మి.లీ., మరోదాంట్లో 2.2 మి.లీ. సీసా మారితే మోతాదు ఐదింతలు తేడా వస్తుంది. సూది సిరలోనే ఉందని కూడా చూసుకోవాలి. పక్కనున్న ధమనిలో పడితే అక్కడికక్కడే ఫిట్స్ వస్తాయి.

ఇక కాళ్లు విదిలించడం. ఈ మత్తు 15, 20 నిమిషాలే ఉంటుంది, బీజం తాడు లాగినప్పటి నొప్పిని పూర్తిగా ఆపలేదు. గుర్రం పడుకోగానే, కడగడానికి ముందే, ఒక్కో బీజంలోకి ఆ చోటును మొద్దుబార్చే 2 శాతం లిగ్నోకెయిన్ 10 నుంచి 15 మి.లీ., చేతికి గట్టిగా తగిలేదాకా ఎక్కించండి. మీరు కడిగి తుడిచేలోపు మందు తాడు పైకి పాకుతుంది. కళ్లు ఆర్పడం మామూలే, దానికి కంగారు పడొద్దు. కనుగుడ్లు వేగంగా అటూ ఇటూ ఆడితే మత్తు దిగుతోందని అర్థం. మొదటి జైలజిన్, కెటమిన్‌లలో మూడో వంతు మళ్లీ ఇవ్వండి.

ఒక బీజమే చేతికి దొరికితే దాన్ని తీయకండి, కోత మొదలుపెట్టకుండా ఆపేయండి. మిగిలినది కడుపులో ఉండొచ్చు. ఒకటి తీసేస్తే తర్వాత చూసేవారికి అది పూర్తిగా బీజాలు తీసిన గుర్రంలా కనిపిస్తుంది, కానీ పోతు గుణం పోదు.

విశాఖ ఉక్కలో జైలజిన్ ఇచ్చిన గుర్రానికి చెమటలు ఎక్కువ పోస్తాయి. పొద్దున్నే, నీడలో, గడ్డి నేల మీద చేయండి. ఇసుక వద్దు, కంట్లోకీ పుండులోకీ పోతుంది. మోరకున్న పట్టీ తీసేయండి. బరువుకు అది నొక్కుకుంటే ముఖం నరం దెబ్బతిని పెదవి వంకర పోతుంది. తల కింద మెత్తటి గోనె, కళ్ల మీద గుడ్డ వేయండి. ధనుర్వాతం టీకా మరిచిపోకండి.